వెంట్రుకవాసి బీట

మా ఇంట్లో భోజనాల గది గోడకు ఒక వాష్‌బేసిను ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. దాని అడుగున, గొట్టం బిగించిన చోటునుంచి అంచువైపుగా, వెంట్రుక మందాన ఒక గీత కనబడింది. మొదట చూసింది మా ఆవిడే. "ఏమండీ, బేసిను బీటవేసినట్టుంది, ఒకసారి చూడండి" అన్నది. చూశాను. వేలితో రాసి మరీ చూశాను. "వెంట్రుకేదో అంటుకుని ఉంటుంది లెద్దూ" అన్నాను. రెండు నెలలు తిరిగేసరికి ఆ వెంట్రుక జానెడు పెరిగింది. మా ఆవిడ మళ్ళీ చెప్పింది. ఇంటి మరమ్మతుల విషయంలో మగవాళ్ళకు ఒక మహామంత్రం ఉంది గదా, "ఈ ఆదివారం చూద్దాం" అని. ఆరు నెలల్లో ఆ మంత్రాన్ని ఇరవైసార్లన్నా జపించి ఉంటాను.

ఇంతలో దసరాకు మా అక్కయ్య వచ్చింది. అక్కయ్యకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. భోజనమయ్యాక చెయ్యి కడుక్కుంటూ కాస్త తూలి, ఆసరాకోసం బేసిను అంచుమీద అరచెయ్యి ఆనించింది. ఫెళ్ళుమంది. సగం బేసిను నేలమీద ఉంది, సగం గోడకు ఉంది. అక్కయ్య పడలేదుగాని బొటనవేలి కింద అరచెయ్యి తెగింది. పింగాణీ పెంకు అంచు ఎంత పదునో తెలియనివాళ్ళు తెలియకుండానే ఉందురుగాక. ఏడు కుట్లు పడ్డాయి.

అక్కయ్య నన్ను ఒక్క మాటయినా అనలేదు. అనకపోవడమే నాకు బాధ. మా ఆవిడ అన్నది. అనవలసిందే.

మూడోనాడు అక్కయ్య కొడుకు వచ్చాడు. వాడు పింగాణీ సామాను తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. బేసిన్లు, కమోడులు, మరుగుదొడ్డి పళ్ళేలు, నీళ్ళతొట్లు, ఇదీ వాడి లోకం. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తుంటావు నాయనా?" అని అడిగితే "పింగాణీ పరిశ్రమండీ" అని ఊరుకుంటాడు. అవతలివాళ్ళు కాఫీ కప్పులనుకుని సంతోషిస్తారు.

తల్లి చెయ్యి చూశాడు. డాక్టరు రాసిన చీటీ చూశాడు. తరవాత నావైపు తిరిగి, "మావయ్యా, పెంకులు పారేశారా?" అన్నాడు.

పెరట్లో గోనెసంచిలో ఉన్నాయన్నాను. వాడు ఒక పెంకు ఏరి తెచ్చి, నా బల్లమీది ఎర్రసిరా సీసా మూత తీసి, విరిగిన అంచుమీద ఒక చుక్క వేశాడు. అద్దుడు కాగితంమీద వేసినట్టు చుక్క చుట్టూ పాకింది. కుళాయి కింద పెట్టి బాగా రుద్దాడు. మరక పోలేదు. "చెవి విరిగిన మంచి కప్పేదైనా ఉందా అత్తయ్యా?" అని అడిగితే మా ఆవిడ తెచ్చి ఇచ్చింది. దాని విరిగిన చోట కూడా చుక్క వేసి కడిగాడు. శుభ్రంగా పోయింది.

"చూశారా మావయ్యా? మీ బేసినుకు పైన పూత తెల్లగానే ఉంది. లోపల మాత్రం ఇటుక. కాలవలసినంత కాలలేదు. సరిగా కాలిన సరుకైతే వంద గ్రాముల పెంకు అర గ్రాముకు మించి నీళ్ళు తాగకూడదు. ఎక్కడ కొన్నారు?"

ఎక్కడ కొన్నానో చెప్పడానికి నోరు రాలేదు. రోడ్డువార దుకాణంలో సగం ధరకు కొన్నాను. "తెల్లగా ఉన్నవన్నీ ఒకటే సార్, పేరుకే డబ్బు" అని ఆ దుకాణదారు అన్నాడు. నాకు చాలా తెలివైన మాటగా తోచింది.

మా వాడు ఊరుకోలేదు. బీట ఎప్పుడు వేసిందో కూడా పెంకే చెబుతుందన్నాడు. కొలిమిలోకి పోయే ముందే పగులు ఉంటే, పూత కరిగినప్పుడు ఆ పగులు అంచులమీదికి పాకి వాటిని గుండ్రంగా చేస్తుందట. నా పెంకు అంచు బ్లేడులా ఉంది. "అంటే కొలిమిలో చల్లారేటప్పుడు పుట్టిన బీటయినా అయి ఉండాలి, లేదా బిగించేటప్పుడు ప్లంబరు బోల్టు మరీ తిప్పి ఉండాలి. పుట్టించింది ఎవరైనా, ఆరు నెలలు పెంచింది మాత్రం మీరే" అన్నాడు. తల్లి చెయ్యి తెగినవాడు, ఆ మాత్రం అనడానికి హక్కుంది. ఆ తరవాత కాస్త మెత్తబడి, "ఒకసారి మా ఫ్యాక్టరీకి రండి, ఎలా తయారవుతాయో చూద్దురుగాని" అన్నాడు. "ఆదివారం చూ..." అనబోయి నాలిక కరుచుకుని మర్నాడే వాడి వెంట బయలుదేరాను.

ఫ్యాక్టరీ అంటే యంత్రాల హోరు ఉంటుందనుకున్నాను. మొదట కనిపించినవి మట్టి కుప్పలు, రాళ్ళ కుప్పలు. నాలుగే దినుసులు. రెండు రకాల మట్టి, రెండు రకాల రాయి. మట్టిలో ఒకటి చైనామట్టి. తెల్లగా ఉంటుంది, కాని పిసికితే అంతగా సాగదు. రెండోది బాల్‌క్లే. మసక రంగు, కాని పిండిలాగా చెప్పినట్టు వింటుంది. పూర్వం ఇంగ్లండులో డెవన్, డార్సెట్ ప్రాంతాల్లో దీన్ని ఉండలుగా తవ్వి తీసేవారు గనక ఆ పేరు వచ్చింది. ఒకప్పటి మన పశ్చిమగోదావరి జిల్లాలోని ద్వారకాతిరుమల పరిసరాల్లో ఈ మట్టి దొరుకుతుంది. చిన్నవెంకన్న దర్శనానికి ఎన్నోసార్లు వెళ్ళానుగాని కాలికింద ఏముందో నేనెరగను. రాళ్ళలో ఒకటి పలుగురాయి. చీకట్లో రెండు ముక్కలు రాపాడించి నిప్పురవ్వలు చూసి మనమంతా చిన్నప్పుడు మురిసినదే. రెండోది ఫెల్డ్‌స్పార్. అభ్రకం గనులకు పేరుబడ్డ గూడూరు వైపు ఇదీ ఉంది, రాజస్థానంలో విస్తారంగా ఉంది.

మట్టి రెండూ కలిపి దాదాపు సగం, రాళ్ళు రెండూ కలిపి తక్కిన సగం. ఎందుకిన్ని అని అడిగితే మా వాడు నాకు అర్థమయ్యేటట్టు వంటింటి భాషలో చెప్పాడు. మట్టి అరిసెల పిండిలాంటిది, ఆకారం నిలిపేది అది. ఫెల్డ్‌స్పార్ బెల్లం పాకం. కొలిమి వేడికి కరిగి సందుసందునా పాకి అన్నిటినీ పట్టి ఉంచుతుంది. పలుగురాయి ఎముక. కరిగే పాకంలో వస్తువు కూలిపోకుండా నిలబెడుతుంది. పాకం తక్కువైతే సందులు మిగిలి నీళ్ళు తాగుతుంది. ఎక్కువైతే కొలిమిలోనే మెత్తబడి కూలబడుతుంది. నా బేసినులో పాకమన్నా చాలలేదు, మంటన్నా చాలలేదు.

రాళ్ళను పెద్ద పీపాల్లో నీళ్ళతో, గులకరాళ్ళతో కలిపి గంటల తరబడి దొర్లిస్తారు. అవి మైదాకన్నా మెత్తని గుజ్జవుతాయి. దాన్ని సన్నని జల్లెళ్ళమీదుగా, అయస్కాంతాల పక్కగా పారిస్తారు. అయస్కాంతమెందుకంటే ఇనుముకోసం. ఆవగింజలో వందో వంతు ఇనుపరజను మిగిలినా, కొలిమిలోంచి వచ్చాక తెల్లటి బేసినుమీద పుట్టుమచ్చలా కూర్చుంటుంది.

ఇక్కడ నేనొక గారడీ చూశాను. తొట్టిలో మట్టి గట్టి చలిమిడిలాగా ఉంది, గరిటె తిరగదు. మా వాడు గ్లాసులోంచి చిక్కటి ద్రవం రెండు చెంచాలు పోశాడు. సోడియం సిలికేటట. కలిపాడు. నీళ్ళు ఒక్క బొట్టు పొయ్యలేదు, చలిమిడి కాస్తా మీగడపెరుగులా జారిపోయింది! మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయట. ఈ ద్రవం పడితే వాటికి పరస్పరం విరోధం పుట్టి దూరదూరంగా జరుగుతాయట. (కొన్ని కుటుంబాల్లో ఆస్తి పంపకాల మాట ఎత్తినట్టు.) లాభమేమిటంటే, తక్కువ నీళ్ళతోనే మట్టి పారుతుంది. నీళ్ళు తక్కువైతే ఆరేటప్పుడు ముడుచుకోవడం తక్కువ, పగుళ్ళు తక్కువ. ఈ పారే మట్టిని వాళ్ళు స్లిప్పు అంటారు. లీటరు తూస్తే 1.8 కిలోలు ఉంటుంది.

పోత పోసే షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్ళజోడుమీద ఆవిరి పట్టింది. బయట కార్తికమాసం, లోపల రోహిణీకార్తె. అచ్చులు ఆరడానికి ఆ వేడి కావాలట. మనుషులు ఆరిపోవడం దానికి తోడు. వరసలు వరసలుగా తెల్లటి దిమ్మెలు, అన్నీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులే. జిప్సం రాతిని వేడిచేసి అందులోని నీటిని చాలావరకు తరిమేస్తే వచ్చే పొడి అది. మళ్ళీ నీళ్ళు కలిపితే గట్టిపడి రాయవుతుంది. ఆ రాయినిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. దాహం తీరనిది. స్లిప్పును అచ్చులో పోస్తే, అచ్చుగోడ దానిలోని నీళ్ళు పీలుస్తుంది. గోడకు ఆనుకున్న మట్టి పొరగా పేరుకుంటుంది. గంట, గంటన్నరలో ఆ పొర సుమారు సెంటీమీటరు మందమవుతుంది. అప్పుడు మధ్యలో మిగిలిన స్లిప్పును వంపేస్తారు. లోపల బోలుగా ఒక మట్టి కమోడు మిగులుతుంది.

అక్కడ పనిచేస్తున్న ఒకాయనతో మాట కలిపాను. శ్రీకాకుళం వైపు మనిషి, నలభైయైదేళ్ళుంటాయి. మట్టిపని చేస్తున్నాడు గదా అని, "మీది కులవృత్తేనా?" అన్నాను.

"కాదండి బాబూ, మాది వ్యవసాయం. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళయింది."

పొర తగినంత పేరుకున్నట్టు ఎలా తెలుస్తుందని అడిగాను. గోడమీది గడియారం చూపించి, "అదుందండి. కాని వానాకాలం అది తప్పు చెబుతుంది" అంటూ అచ్చు నోట్లో వేలు పెట్టి మట్టి అంచును మెల్లగా నొక్కి చూశాడు. వానాకాలంలో అచ్చులు సరిగా ఆరవు, నీళ్ళు నెమ్మదిగా పీలుస్తాయి. ఆ తేడా వాన గడియారానికి తెలియదు, ఆయన వేలికి తెలుసు. తరవాత ఇద్దరు మనుషులు అచ్చు ముక్కలను ఒక్కొక్కటే విడదీశారు. పాతిక ముప్ఫై కిలోల తడి కమోడు, బిడ్డను పొత్తిళ్ళలోంచి తీసినట్టు బయటికి వచ్చింది. వేరే అచ్చులో పోసిన అంచును స్లిప్పు పూసి దానికి అతికించారు. నీళ్ళు దూకే చిన్న చిన్న రంధ్రాలు పొడిచారు. ఆయన తడి స్పంజి తీసుకుని అతుకులన్నీ నున్నగా తుడిచాడు. లోపల, బయట, కన్ను పోనిచోట కూడా చెయ్యిపెట్టి తుడిచాడు. అక్కడ ఒక చిన్న బుడగ మిగిలితే అది రెండు రోజుల తరవాత కొలిమిలో పగులుతుంది.

ఒక్కొక్క అచ్చు ఎనభై, నూరు పోతలకు మించి బతకదు. రంధ్రాలు మూసుకుపోయి దాహం చచ్చిపోతుంది. ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీల్లో ప్లాస్టరుకు బదులు రెజిన్ అచ్చులు వచ్చాయి. స్లిప్పును ఒత్తిడితో ఎక్కించి గంట పనిని నిమిషాలలో చేస్తారు. మా వాడి ఫ్యాక్టరీలో బేసిన్లకు ఆ యంత్రం ఉంది. కమోడులకు ఇంకా ఆయన వేలే.

కమోడు అచ్చును చూస్తున్నప్పుడు మా వాడు ఒక వంపు చూపించాడు. హంసమెడలాంటి గొట్టం. "దీనికే మావయ్యా, మేమింత తిప్పలుపడేది. తక్కినదంతా గిన్నె" అన్నాడు. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉంటాయి. కింది దుర్గంధం పైకి రాకుండా ఆ నీళ్ళే తలుపు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు లండన్లో ఈ వంపు గొట్టానికి పేటెంటు పొందాడు. కాని గిన్నె వేరుగా, గొట్టం వేరుగా, వాటిచుట్టూ చెక్కపెట్టె, మరో నూరేళ్ళు అలాగే గడిచింది. 1880లలో ఇంగ్లండులోని హాన్లీ అనే కుమ్మరుల పట్టణంలో థామస్ ట్వైఫర్డ్ అంతా ఒకే పింగాణీ ముక్కగా పోతపోసి, చెక్కపెట్టె అవసరం లేకుండా చేశాడు. కడగడానికి సందులు లేవు, మురికి దాగడానికి చోటు లేదు. ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్నవి దాని మునిమనుమలే.

మన దేశంలోనూ ఈ వంపు చరిత్ర మార్చింది. గొంతుకూర్చునే పళ్ళేలలో పాదాలు ఆనించే మెట్లు కలిపి పోసినదాన్ని మన ప్రమాణాల పుస్తకంలో కూడా "ఒరిస్సా పాన్" అనే అంటారు. పల్లెలకు వచ్చేసరికి నీళ్ళ సమస్య. మామూలు పళ్ళేనికి బక్కెట్టెడు కావాలి. 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ పళ్ళెం వాలును 25 నుంచి 28 డిగ్రీలకు నిటారు చేసి, వంపులో నిలిచే నీటిని 20 మిల్లీమీటర్లకు తగ్గించారు. లీటరున్నర, రెండు లీటర్లు పోస్తే చాలు, శుభ్రం. పక్కన రెండు గుంతలు, ఒకటి నిండితే రెండోది. సాటిమనిషి నెత్తిన తట్ట ఎత్తనవసరం లేదు. ఆ నీచమైన పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరొక చట్టం వచ్చాయి. చట్టం ఎన్నడూ చెయ్యలేని పని పళ్ళెం వాలు కొంత చేసింది. పాఠక్ 2023లో కన్నుమూశారు.

పోత పోసినవి నీడన నెమ్మదిగా ఆరాలి. తొందరపడితే పలుచని చోటు ముందు ఆరి ముడుచుకుంటుంది, మందంచోటు ఇంకా తడిగా ఉంటుంది, మధ్యన నెర్రె వేస్తుంది. ఎండలో పెట్టిన అప్పడం సంగతి మన ఆడవాళ్ళకు చెప్పాలా? ఆరినవాటికి పరీక్ష కిరసనాయిలుతో. కుంచెతో రాస్తే మంచిచోట ఇట్టే ఆరిపోతుంది. కంటికి కనపడని పగులుంటే అందులో నిలిచి నల్లటి గీతగా బయటపడుతుంది. ఇక్కడ పట్టుబడితే నష్టం లేదు, పగలగొట్టి మళ్ళీ స్లిప్పులో కలిపేస్తారు. కొలిమి దాటాక మట్టి మళ్ళీ మట్టి కాదు.

ఆరిన బేసిన్ల దగ్గర ఒక కుర్రవాడు గరుకు కాగితంతో అంచులు రుద్దుతున్నాడు. ముక్కుకు ఉండవలసిన మాస్కు మెడలో ఉంది. అంతవరకు నవ్వుతూ మాట్లాడుతున్న మా మేనల్లుడి గొంతు మారిపోయింది. "మాస్కేదీ?" అన్నాడు. కుర్రవాడు గబుక్కున పైకి లాక్కుని, "చెమటకు ఊపిరాడట్లేదు సార్" అన్నాడు. వాడు చెప్పిందీ అబద్ధం కాదు, అక్కడి ఉక్క అలాంటిది.

కనిపించే తెల్లదుమ్ముతో అంత ప్రమాదం లేదట, ముక్కులోనే ఆగిపోతుంది. కనిపించని పలుగురాతి దుమ్ము ఊపిరితిత్తుల అడుక్కు పోయి అక్కడే ఉండిపోతుంది. దానిచుట్టూ కండ గట్టిపడుతుంది. పది పదిహేనేళ్ళ తరవాత మనిషి మెట్లెక్కలేడు, మరికొన్నాళ్ళకు పడుకుని ఊపిరి పీల్చలేడు. సిలికోసిస్ అంటారు. ఇంగ్లండు కుమ్మరుల ఊళ్ళలో దీనికి "కుమ్మరుల కుళ్ళు" అని పేరు. నయంచేసే మందు లేదు. మన చట్టంలో, కనిపిస్తే తప్పక అధికారులకు తెలపవలసిన జబ్బుల పట్టికలో ఇది ఉంది. నివారణ మాత్రం కష్టమైనది కాదు. దుమ్మును తడిపి ఉంచాలి, పొడి చీపురు పట్టకూడదు, రుద్దేచోట గాలిని పీల్చే గొట్టాలు పెట్టాలి. ఈ ఫ్యాక్టరీలో గొట్టాలున్నాయి, నేల తడిగా ఉంది. కాని రేకులషెడ్డులో, సగం ధర సరుకు తయారయ్యేచోట ఇవన్నీ ఉంటాయా? నా బేసినుకు మిగిలిన డబ్బు మంటలో తగ్గించిందో, ఎవరి ఊపిరిలో తగ్గించిందో, ఆ దుకాణదారు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

పూత సంగతి కొద్దిగా చెబుతాను. అది పలుచని గాజు. నీళ్ళలో కలిపి చిమ్ముతారు. ఇప్పుడు కొన్నిచోట్ల మరమనిషి చెయ్యే చిమ్ముతోంది. గాజు అయితే కింది మట్టి రంగు కనిపించాలి గదా? కనిపించకుండా తెల్లగా అడ్డుపడేది జిర్కాన్ అనే ఖనిజం. మన భీమునిపట్నం సముద్రతీరపు ఇసుకలోనూ ఉంది. పూర్వం దీనికి తగరపు భస్మం వాడేవారు, ఖరీదెక్కువ. హంసమెడ లోపలి గొట్టానికి కుంచె అందదు గనక పూత పోసి, తిప్పి, వంపేస్తారు. అక్కడ పూత తప్పితే పైన ఎంత మెరిసినా ఆ కమోడు ఏడాదిలో మురికి పడుతుంది. కొనేవాడు ఆ వంపులో వేలు పెట్టి చూడడు గదా!

కొలిమి అంటే మన కుమ్మరి ఆవంలాగా ఉంటుందనుకున్నాను. ఇది సొరంగం. దగ్గర దగ్గర నూరు గజాలు. ఒక వైపునుంచి పట్టాలమీద బండ్లు లోపలికి పోతుంటాయి, రెండో వైపునుంచి వస్తుంటాయి. మంట మధ్యలో ఉంటుంది, ఆరదు. దసరా లేదు, దీపావళి లేదు. లోపలికి పోయిన బేసిను బయటికి రావడానికి పదిహేను గంటలకు పైనే పడుతుంది. మధ్యలో వేడి 1200 డిగ్రీల వరకు ఉంటుంది. చిన్న కిటికీలోంచి చూడనిచ్చారు. ఎరుపు కాదు, మధ్యాహ్నపు సూర్యుణ్ణి చూసినట్టు పసుపు కలిసిన తెలుపు. అందులో కమోడులు నీడలైనా లేకుండా నిలబడి ఉన్నాయి.

ఆ వేడిలో పాకం కరిగి సందులు పూడుతుంటే వస్తువు ముడుచుకుంటుంది. పోత మొదలు కొలిమి చివరకు మొత్తం నూటికి పది పన్నెండు పాళ్ళు తగ్గుతుంది. అర మీటరు బేసిను కావాలంటే అచ్చు 56 సెంటీమీటర్లకు పైన ఉండాలి. అంతే కాదు, మెత్తబడ్డప్పుడు అంచు బరువుకు వంగుతుంది. అందుకని అచ్చులోనే అంచును కాస్త పైకి వంచి చేస్తారు, కొలిమిలో వంగి సమం కావాలని. వంకరగా చేస్తే తిన్నగా వస్తుందన్నమాట.

చల్లార్చడమే అసలు గండం. పలుగురాయికి 573 డిగ్రీల దగ్గర ఒక వెర్రి ఉంది. వేడెక్కేటప్పుడు ఆ గీటు దాటగానే ఒక్కసారిగా ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు అదే గీటు దగ్గర ఒక్కసారిగా కుంచించుకుంటుంది. అప్పటికి వస్తువు గట్టిపడి ఉంటుంది, లొంగదు. ఆ గీటును నెమ్మదిగా దాటించాలి. రోజుకు నాలుగు బండ్లు ఎక్కువ తొయ్యాలని ఎవరైనా ఆశపడితే, కంటికి కనిపించని బీట ఒకటి లోపల పుడుతుంది. ఆ బేసిను దుకాణంలో బాగానే ఉంటుంది. ఇంట్లో వేడినీళ్ళు, చన్నీళ్ళు పడుతూ పడుతూ ఒకనాడు వెంట్రుకలా బయటపడుతుంది. నీళ్ళు తాగే సరుకైతే మరీ. లోపలి మట్టి తేమకు ఉబ్బి, పైపూత సాలెగూడులా చిట్లుతుంది.

చివర తనిఖీ గదిలో ఒక పెద్దమనిషి చెక్కసుత్తి పుచ్చుకుని వచ్చినదాన్నల్లా తడుతున్నాడు. కంచుగిన్నెలా ఖంగుమంటే ఒక వైపు, మట్టికుండలా బొదబొదమంటే మరో వైపు. కమోడులలో నీళ్ళు వదిలి, కాగితపుండలు, బంతులు వేసి పోతున్నాయో లేదో చూస్తారు. కొద్దిపాటి మచ్చలుంటే పూడ్చి మళ్ళీ కాలుస్తారు. బీట ఉన్నవాటిని మాత్రం ఆయన మారు మాట లేకుండా ఇనుపసుత్తితో పగలగొట్టిస్తాడు. కనీసం సగం ధరకు అమ్ముకోరాదా అని అడిగాను, నా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆయన నా వైపు చూసి, "ఎవరి ఇంటికి పంపమంటారండీ?" అన్నాడు. మా మేనల్లుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

పోయిన వారం కొత్త బేసిను కొన్నాను. దుకాణంలో మూడింటిని వేలి ఉంగరంతో తట్టి చూశాను. వెనకవైపు పూత లేనిచోట తడివేలు పెట్టి, తడి ఇంకుతుందో లేదో చూశాను. దుకాణదారు గుమాస్తాను పిలిచి ఏదో చెవిలో చెప్పాడు. నాలుగోది ఖంగుమంది, తడి అలాగే నిలిచింది, పూర్తి ధర ఇచ్చి తెచ్చాను. అక్కయ్యకు కుట్లు విప్పారు. బొటనవేలు ఇంకా పూర్తిగా ముడవలేకపోతున్నది, అన్నం కలుపుకోవడానికి చెంచా వాడుతున్నది.

నిన్న ప్లంబరు వచ్చాడు. బోల్టుకూ పింగాణీకీ మధ్య రబ్బరు బిళ్ళ పెట్టమన్నాను, పెట్టాడు. స్పానరు తీశాడు. ఒక తిప్పు, రెండు తిప్పులు. "చాలు, చాలు" అన్నాను. మూడో తిప్పుకు అతని చెయ్యి పట్టుకున్నాను. అతను స్పానరు కింద పెట్టి, చాలా మర్యాదగా, "మీరు కాసేపు బయట కూర్చోండి సార్" అన్నాడు.